ఐదో గడిలో వేదవతి

బడి వదిలిన గంట ఇంకా మోగుతూనే ఉంది. సుగుణ చెప్పులు గోడ పక్కన విడిచి, లంగా కుచ్చిళ్ళు దోపుకుని మైదానంలోకి పరుగెత్తింది.

మైదానమంటే పెద్దదేమీ కాదు. దిల్‌సుఖ్‌నగర్ దాటాక, కొత్తపేటలో అప్పుడప్పుడే లేస్తున్న కాలనీలో ఇంకా ఇళ్ళు కట్టని నాలుగు ప్లాట్లు. చుట్టూ ఇసుక కుప్పలు, సగం లేచిన గోడలు. రెండేళ్ళ కిందట అదంతా సుగుణ వాళ్ళ ద్రాక్షతోట. నాన్న జంగయ్య తోట అమ్మేశాక పందిళ్ళు పోయాయి, హద్దురాళ్ళు వచ్చాయి. ఎక్కడెక్కడి మనుషులో వచ్చారు. ఇప్పుడు ఆ మైదానం కోసం వెతికినా దొరకదు, అన్నీ మేడలే. ఆ రోజుల్లో మాత్రం సాయంత్రమైతే ‘ఖో’ అనే కేక మెయిన్ రోడ్డు దాకా వినిపించేది.

పట్టాభి సార్ తొమ్మిది మంది ఆడపిల్లలతో ఖోఖో టీము పెట్టి నెలైంది. పేరుకే టీము. కొత్తపేట పిల్లలు ఒక జట్టు, నల్గొండ నుంచి వచ్చినవాళ్ళు ఒక జట్టు. నీళ్ళ కుండ దగ్గర కూడా తగువే. గుంటూరు నుంచి వచ్చిన వేదవతి ఏ జట్టులోనూ లేదు.

సుగుణ కెప్టెన్. వేదవతి వాళ్ళ ఇల్లు లేస్తున్నది సరిగ్గా తోట బావి ఉన్న చోట. అది సుగుణకు మింగుడు పడలేదు.

“సుగుణా, నాకు కూడా ఒకసారి ఖో ఇవ్వవా?” అని వేదవతి అడిగింది.

“ఇస్తా తియ్. జర ఆగు,” అంది సుగుణ. ఇవ్వలేదు.

శనివారం మలక్‌పేట బడితో వాళ్ళ మైదానంలోనే మ్యాచి. ఎనిమిది మంది వరుసగా గళ్ళలో కూర్చున్నారు, ఒకరు అటు, ఒకరు ఇటు తిరిగి. తొమ్మిదో మనిషి తరమాలి. వరుస దాటకూడదు. అవతలి వైపు పట్టాలంటే కూర్చున్నవాళ్ళ వీపు తట్టి ‘ఖో’ అనాలి. అప్పుడు వాళ్ళు లేచి తరుముతారు, ఖో అన్నవాళ్ళు ఆ గడిలో కూర్చుంటారు.

సుగుణ ఖో అంటే తన ఊరి పిల్లలకే, నల్గొండ పిల్లలు అంటే తమవాళ్ళకే. వేదవతికి ఎవరూ ఇవ్వలేదు. చివరి నిమిషంలో మలక్‌పేట పిల్ల ఒకతి ఐదో గడి ముందే నిలబడింది. ఆ గడిలో వేదవతి ఉంది. తట్టి ఉంటే అయిపోయేది. సుగుణ ఆమెను దాటి ముందుకు పరుగెత్తింది. విజిల్ మోగింది. ఒక్క పాయింటుతో ఓడిపోయారు.

పట్టాభి సార్ కోప్పడలేదు. వరుసగా అందరి కాళ్ళూ చూశారు. “అందరికీ మోకాళ్ళ దాకా మట్టే. వేదా, నీ బూట్లు గంత తెల్లగున్నయేందమ్మా?”

అందరూ అటు తిరిగారు. వేదవతి కాళ్ళు లంగా కిందికి లాక్కుంది.

తిరుగు బస్సులో వేదవతి పక్క సీటే ఖాళీగా ఉంది. సుగుణ అందులోనే కూర్చుంది.

“మలక్‌పేట వాళ్ళు అలిసిపోతే నా దగ్గరికొచ్చి ఊపిరి పీల్చుకుంటున్నారు,” అంది వేదవతి కిటికీలోంచి చూస్తూ. “నువ్వు నాకు ఇవ్వవని వాళ్ళకు తెలిసిపోయింది.”

“ముందుగాల నాకెందుకు చెప్పలే?”

“నువ్వు అడిగావా?”

సుగుణ తల వంచుకుంది. “ఇంకేం చూసినవ్?” అంది మెల్లగా.

“ఎవరికి ఖో ఇవ్వబోతున్నావో ఆ అమ్మాయి వంక ముందే చూస్తావు. నువ్వు చెయ్యి చాచకముందే వాళ్ళు పారిపోతున్నారు.”

సుగుణకు ముందు రోషం వచ్చింది. ఆ తర్వాత సిగ్గేసింది.

సోమవారం మైదానంలో ఆమె అందరినీ చుట్టూ కూర్చోబెట్టింది. “వేద ఏం చూసిందో చెప్తది. ఇనుండ్రి.”

ఒక్క రోజులో ఏదీ మారలేదు. నల్గొండ పిల్లలు అలిగి రెండు రోజులు రాలేదు. సుగుణే వాళ్ళ ఇళ్ళకు పోయి పిలుచుకొచ్చింది. తల తిప్పకుండా ఖో ఇవ్వడం నేర్చుకునేసరికి దసరా సెలవులు అయిపోయాయి. ఆటలో జట్లు కలిసిపోయాయి, మాటలూ కలిశాయి. వేదవతి “జర ఆగు” అంటే అందరూ నవ్వేవారు. కుండలో నీళ్ళు ముందు ఎవరు తాగారో ఇప్పుడు ఎవరికీ పట్టేది కాదు.

జనవరిలో మలక్‌పేట పిల్లలు ఇక్కడికే ఆడటానికి వచ్చారు. మొన్న తప్పించుకున్న పిల్లే అలిసిపోయి, ఎప్పటిలాగే ఐదో గడి ముందు ఆగింది.

సుగుణ తల తిప్పలేదు. చెయ్యి మాత్రం వేదవతి వీపు మీద పడింది.

“ఖో!”

వేదవతి చివాలున లేచింది. రెండే అడుగులు. “అవుట్!” అని సార్ అరిచారు. గోడల మీద నిలబడ్డ మేస్త్రీలు కూడా చప్పట్లు కొట్టారు.

ఆట ఆగలేదు. సుగుణ ఐదో గడిలో కూర్చుంది. మడమలెత్తి, వీపు నిటారుగా పెట్టి, తన మీద పడబోయే చేతి కోసం చెవులు రిక్కించింది.