తిత్తి వెనక మనిషి

గుంటూరు బ్రాడీపేట మలుపులో ఆ ఉదయం ఏడు బస్సులు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయి హారన్లు మోగిస్తున్నాయి. ఎవరికీ వినబడటం లేదు. రోడ్డు తవ్వే యంత్రం పక్కనే ఓ చంటిపిల్ల తల్లి భుజం మీద ఆదమరిచి నిద్రపోతోంది. కూరగాయల బండి ఆవిడ గొంతు చించుకుంటోంది గానీ, ఆ కేక వంకాయలు కావలసినవాళ్ళకే చేరుతోంది. చెవిపూసలు వచ్చి నలభై ఏళ్ళయింది మరి! సెనగగింజ కన్నా చిన్న పూస. ఒకసారి చెవిలో పెట్టించుకుంటే లోకంలోని చప్పుడంతా అందులోంచి వడపోసుకుని మనిషికి చేరుతుంది. ఫలానా చప్పుడు నాకొద్దు అని ఒక్కమారు చెబితే చాలు, ఆ మనిషికి అది ఇక లేనట్టే. దాన్ని మినహాయింపు అంటారు. పక్కింటి కుక్కకి కొందరు, అత్తగారి సణుగుడికి కొందరు, మిక్సీకి దాదాపు అందరూ మినహాయింపు పెట్టుకున్నవాళ్ళే. ఎవరి పట్టీలో ఏముందో ఇంకొకరికి తెలియదు. పెట్టుకున్నవాళ్ళకే కొన్నాళ్ళకి గుర్తుండదు.

ఆ నిశ్శబ్దపు రద్దీలోంచి సలోమి నాదాగారానికి నడిచి వెళ్తోంది. ఆమెకి అరవై ఎనిమిదేళ్ళు. పాత శబ్దగ్రహణాలన్నీ దాచిపెట్టే ఆ భవనంలో ఆమెకి కావలసింది ఒక్కటే ఉంది: నలభై మూడు రోజుల కిందట చనిపోయిన భర్త బర్నబాసు చప్పుడు.

గొంతు అనకుండా చప్పుడు అనడానికి కారణం ఉంది. సలోమి జీవితమంతా పాతవాద్యాల బృందంలో ఆర్గన్ వాయించింది. నాలుగు వందల ఏళ్ళ కిందటి ఐరోపా సంగీతాన్ని, బరోక్ అంటారే, దాన్ని ఆనాటి వాద్యాలతో ఆనాటి పద్ధతిలోనే వాయించాలని పట్టుబట్టిన ఆరుగురు పిచ్చివాళ్ళ బృందం అది. గొర్రె పేగుతో చేసిన తీగలు గుంటూరు ఎండకి పాటకోసారి శ్రుతి జారేవి. చెక్క వేణువులు చెమట పట్టేవి. చర్చిలోని, గొట్టాల్లోకి గాలి పోతేనే పలికే చిన్న ఆర్గన్‌కి కూడా మోటారు పెట్టనివ్వలేదు. మోటారు గాలి బిగదీసుకుని ఉంటుందట, మనిషి కొట్టిన గాలికే ప్రాణం ఉంటుందట. కాబట్టి వెనక నిలబడి తోలుతిత్తి కొట్టడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి బర్నబాసు.

ఆయనకి సంగీతం రాదు. రైల్వేలో సిగ్నళ్ళ పని చేసేవాడు. కానీ వాళ్ళ ముత్తాత చెప్పులు కుట్టిన ఆరె ఇంకా ఆయన దగ్గర ఉండేది. మేకతోలు మీద చెయ్యి వేస్తే ఎక్కడ పలచబడిందో చెప్పేసేవాడు. తిత్తి ఎక్కడ చిరిగినా తానే కుట్టేవాడు. గాలి కారితే చెవికే తెలియాలని పూస కూడా పెట్టించుకోలేదు. ముప్ఫై ఏడేళ్ళు ఆ ఆర్గన్ వెనక నిలబడ్డాడు. మెచ్చుకున్నవాళ్ళంతా ముందున్నవాళ్ళనే మెచ్చుకున్నారు. ఆయన కూడా వాళ్ళతో కలిసి చప్పట్లు కొట్టేవాడు.

మొన్న జ్ఞాపకార్థ కూడికలో బృందం పాటలు పెట్టారు. వయొలిన్లు మోగాయి, పాడేవాళ్ళ గొంతులు లేచాయి, సలోమి వేళ్ళు పరుగెత్తాయి. బర్నబాసు మాత్రం ఎక్కడా లేడు. విడుదలైన ప్రతులన్నీ పరిశుద్ధ ప్రతులు కదా, తిత్తి కిర్రుమనడం, కొట్టేవాడు రొప్పడం, అన్నీ కడిగేశారు. తన మనిషిని గుర్తుచేసుకోవడానికి పెట్టిన పాటలో తన మనిషే లేకపోవడం చూసి సలోమికి అన్నం సయించలేదు.

ఆ కూడికకే ఆసుపత్రి నర్సు కృపామణి కూడా వచ్చింది. భోజనాల దగ్గర పక్కన కూర్చుని, తాతగారు ఆ మధ్యాహ్నం మిమ్మల్ని అన్నిసార్లు అడిగారే, మీరు ఒక్క ముక్కా పలకలేదేందమ్మా అంది. సలోమి తెల్లబోయింది. చివరి రోజు మధ్యాహ్నం ఆమె మంచం పక్కనే చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆయన ఏమీ అడగలేదు. పెదవులు కదులుతుంటే దాహమేమోనని చెంచాతో నీళ్ళు పోసింది, అంతే. పాపం, రోజుకి ఎంతమందిని చూస్తుందో, ఎవరితోనో పొరబడి ఉంటుంది అనుకుని ఊరుకుంది.

నాదాగారంలో జుబేదా ఆమెని ఆదరంగా కూర్చోబెట్టింది. నలభై ఏళ్ళ మనిషి, కడగని పచ్చిప్రతులన్నీ ఆమె చేతి కిందే ఉంటాయి. బృందం వాళ్ళు చాదస్తంకొద్దీ ఒక షరతు పెట్టడం మంచిదైంది: కడగని ప్రతి ఒకటి ఎప్పటికీ దాచాలని. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట నాలుగు రోజులపాటు చర్చిలో పట్టిన మూడు రచనలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఈ గదిలో మామూలు వడపోతలేవీ పనిచెయ్యవని, ఉన్నది ఉన్నట్టు వినబడుతుందని జుబేదా చెప్పి మీట నొక్కింది.

ఎదురుగా గోడ మీద నాదపటం వెలిగింది. ప్రతి చప్పుడుకీ ఒక రంగు గీత. పాట మొదలైంది. వయొలిన్ తీగ మీద కమాను గీరుకోవడం, ఎవరో గొంతు సవరించుకోవడం, చర్చి బయట కాకి. సలోమి కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. కాకి కూడా వినబడింది గానీ, కావలసిన చప్పుడు రాలేదు.

“తిత్తి ఏదమ్మా?” అంది కళ్ళు తెరిచి.

జుబేదా వింతగా చూసింది. నాదపటం అడుగున ముదురు ఎరుపు గీత ఒకటి అలలా లేస్తూ పడుతూనే ఉంది. ఆమె దాని మీద వేలు పెట్టింది. “ఇదేగా తిత్తి. కిర్రుకిర్రుమని మోగిపోతా ఉంది. దాని మీద ఎవరో లెక్కపెడతా ఉన్నారు, ఒకటీ రెండూ మూడూ అని. మీకు వినబడట్లా?”

సలోమి వినబడటం లేదంది. జుబేదా కాస్త తటపటాయించి, ఈ గది మామూలు వడపోతలనే ఆపుతుందనీ, ఎవరికి వాళ్ళు పెట్టుకున్న మినహాయింపుల జోలికి పోదనీ, మీ పట్టీలో ఏమైనా ఉందేమో చూసుకోమనీ మెల్లగా చెప్పింది.

సలోమి చెయ్యి చెవి దగ్గరికి పోయింది.

ఉంది. ఆ శబ్దగ్రహణానికి ముందు రోజు సాధన చేస్తుంటే, వెనక బర్నబాసు గొణిగే లెక్క తన లయకి అడ్డొస్తోందని విసుగు పుట్టింది. తిత్తి కిర్రు ఒకటి, ఆయన గొణుగుడు ఒకటి. పైగా పాట అయ్యీ అవగానే, ఆఖరి స్వరం చర్చి కప్పు దాకా పోయి కరిగేలోపే, ఆర్గన్ వెనక నుంచి గుసగుసగా ఓ ప్రశ్న వేసేవాడు. వెనకున్నవాడికి గాలి సరిపోయిందో లేదో తెలియదు కదా, వాయించినవాళ్ళని అడగాలి. బృందంలో మొదటి నుంచీ ఉన్న పద్ధతే అది. ఎనిమిదేళ్ళు ఆమె జవాబు చెబుతూనే వచ్చింది. ఆ రోజు మాత్రం చిరాకేసి, పూసతో చెప్పేసింది, తిత్తి చప్పుడూ ఆయన గొణుగుడూ నాకొద్దని. నాలుగు రోజుల కోసమే అనుకుంది. శబ్దగ్రహణం అయిపోయింది, చెవికి హాయిగా ఉంది, తీసెయ్యడం మరిచిపోయింది. ఆయనకి చెప్పలేదు. చెబితే నొచ్చుకుంటాడని చెప్పలేదు.

అందుకేనా ఇన్నేళ్ళూ ఆర్గన్ దగ్గర అంత ప్రశాంతంగా ఉండేది! ఆయన పద్ధతి మానేశాడనుకుంది. పెద్దవాడయ్యాడు, తనకే తెలుస్తోందిలే అనుకుంది.

ఆమె ఫోనులో పట్టీ తెరిచి ఇచ్చింది. జుబేదా చదివి పెట్టింది. బర్నబాసు, గొంతు తగ్గించి మాట్లాడే మాట. తిత్తి చప్పుడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా అమలులో ఉంది. కింద, ఇప్పటి ఈ పాటకి ముందు చివరిసారి ఎప్పుడు పనిచేసిందో కూడా ఉంది. ఆ గీత దగ్గర జుబేదా ఆగిపోయింది. సలోమి చదవమంది.

“ఆసుపత్రి, అమ్మా. మధ్యాహ్నం రెండుంబావు నుంచి మూడింటి దాకా. పద్నాలుగుసార్లు.”

ఆ రోజు ఆయనకి గొంతు పెగల్లేదు. గుసగుస ఒక్కటే మిగిలింది. ఆ గుసగుసనే వద్దని ఆమె ఏనాడో చెప్పింది. చెప్పిన పని పూస చేసింది. మనిషి పద్నాలుగుసార్లు పిలిస్తే, తను చెంచాతో నీళ్ళు పోసింది.

ఆ పద్నాలుగూ ఎక్కడైనా ఉంటాయా అని అడిగింది. తీసేసినదాన్ని పూస దాచుకోదని జుబేదా చెప్పింది. చెప్పి తల దించుకుంది.

మినహాయింపు తీసెయ్యడానికి ఒక్క మాట చాలింది. పాట మళ్ళీ మొదటి నుంచి పెట్టారు. ఈసారి కిర్రుమంది. దాని మీద ఒకటీ రెండూ మూడూ, ఒకటీ రెండూ మూడూ, రైల్వే స్టేషన్లో సిగ్నల్ కోసం చూసే మనిషి ఓపికతో. సలోమి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. లెక్క ఆమె లయకి అడ్డేమీ రావడం లేదు. అసలు ఆమె తొందరపడ్డ చోటల్లా అదే వెనక్కి లాగి నిలబెట్టింది. పాట అయిపోయింది. ఆఖరి స్వరం పైకి వెళ్ళింది.

“సరిపోయిందా, సలోమీ?”

పాటలో జవాబు లేదు. కాకి ఒకటి అరిచింది, కాగితాలు తిప్పిన చప్పుడు. అది తన చెయ్యే. రెండో రచన చివర మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ అదే కాగితాల చప్పుడు. మూడోదాని చివర ప్రశ్న తరవాత ఆయన కాసేపు ఆగాడు. ఊపిరి పీల్చుకోవడం వినబడింది.

“చాల్లేదా? సరేలే, నే చూస్తా.”

అప్పుడు అర్థమైంది సలోమికి. ప్రతి కచేరీ మర్నాడూ ఆయన తిత్తి విప్పి కూర్చునేవాడు. శుభ్రంగా ఉన్నదాన్ని ఎందుకండీ విప్పుతారు అని ఆమె వేళాకోళం చేసేది. నీకు తెలీదులే అని నవ్వేసి కొత్త తోలు ముక్క అద్ది కుట్టేవాడు. ఒకసారి అడిగి జవాబు రాకపోతే రెండోసారి గట్టిగా అడిగే మనిషి కాదు. పూస లేనివాడు, పక్కనున్న మనిషికి వినబడకపోవడం అనేది ఒకటుంటుందని ఊహించలేడు. భార్య పలకలేదంటే గాలి చాల్లేదనే అర్థం చేసుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళు.

నాదాగారం నుంచి ఆమె ఇంటికి పోలేదు, నేరుగా చర్చికి పోయింది. మిట్టమధ్యాహ్నం, లోపల ఎవరూ లేరు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి ఆర్గన్ వెనక్కి వెళ్ళింది. అక్కడ ఒక్క మనిషి పట్టేంత చోటుంది. పాదాలు పెట్టిన చోట చెక్క రెండు గుంటలుగా అరిగిపోయింది. తిత్తి మీద అసలు తోలు కనబడటం లేదు. ముక్క మీద ముక్క, దాని మీద ముక్క, ముదురు రంగువీ లేత రంగువీ, సన్నటి కుట్లు. ఆఖరి ముక్క సగమే కుట్టి ఉంది. దారం వేలాడుతోంది, పక్కనే తోలులో ఆరె గుచ్చి ఉంది. ఆసుపత్రికి వెళ్ళిన వారం మొదలుపెట్టినది.

ఆమె అక్కడే నేల మీద కూలబడి కృపామణికి ఫోను చేసింది. ఆ మధ్యాహ్నం ఆయన ఏమడిగాడో చెప్పమంది.

“ఒకటే మాటమ్మా, సరిపోయిందా సరిపోయిందా అని,” అంది కృపామణి. “మీకేసే చూస్తా అడుగుతున్నారు. మీరేమో పలకట్లా. దుఃఖంలో ఉన్నారులే అనుకున్నా. పాపం చూళ్ళేక చివరికి నేనే చెప్పా, సరిపోయింది తాతా, బాగా సరిపోయింది అని. అప్పుడు కళ్ళు మూసుకున్నారు.”

సలోమి మంచిపని చేశావమ్మా అనబోయి ఆగింది. ఫోను పెట్టేసింది. ఒకే ఒక్క మాట. అది చెప్పాల్సిన మనిషి అక్కడే, ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది. ఏ చుట్టరికమూ లేని పిల్ల వచ్చి ఆ మాట చెప్పి పంపించింది.

చాలాసేపటికి లేచి, ఆయన నిలబడే గుంటల్లో పాదాలు పెట్టుకుంది. తిత్తి కొట్టే కొయ్యని రెండు చేతులా పట్టుకుని కిందికి నొక్కింది. తిత్తి నిండింది, ఎక్కడా గాలి కారలేదు. కిర్రుమంది. ఇరవై తొమ్మిదేళ్ళు తను వద్దనుకున్నది దీన్నేనా, ఇంత చిన్న చప్పుడునా అనుకుంది. సరిపోయిందండీ అని పైకే అంది, మళ్ళీ కొయ్య నొక్కింది. ముందు కూర్చుని వాయించేవాళ్ళు ఎవరూ లేరు.