టెస్సా చేయని కార్డు

"ఆ ఆలస్యం చీటీ మీద నా పేరు రాయండి. ట్రక్కు నడిపింది నేను, ఈ పిల్ల కాదు."

టీచర్ ఐలా నియెమి తలెత్తి చూసింది. రెండో తరగతి గుమ్మంలో ఆరడుగుల మనిషి నిలబడి ఉన్నాడు. బూట్ల నుంచి మంచు నీళ్లు కారుతున్నాయి. ఆయన చెయ్యి పట్టుకుని టెస్సా తల దించుకుని ఉంది. నిన్న అందరి ముందూ "మళ్లీ ఆలస్యమా?" అని ఆ పిల్లని కసిరింది తనే.

"బూట్లు బయటే విప్పాలండీ," అంది ఐలా, ఇంకేమనాలో తోచక.

"విప్పితే మీరే పారిపోతారు. తెల్లవార్లూ ఊరి రోడ్ల మీద మంచు తోసి వస్తున్నా."

పిల్లలు గొల్లుమన్నారు. ఐలా నవ్వు ఆపుకుంది కానీ మాట మాత్రం మనసులో గుచ్చుకుంది. బండి నడపడం రాని పిల్లని ఆలస్యానికి కసరడం ఏం న్యాయం? ఆ రోజు నుంచి చీటీ మీద పిల్ల పేరు రాయడం మానేసి, "రస్సెల్ మామయ్య, మంచు" అని రాయడం మొదలుపెట్టింది. అది చూసి టెస్సా మొదటిసారి పళ్లు కనబడేలా నవ్వింది.

టెస్సా అమ్మ లోర్నా కిందటి వేసవిలోనే పోయింది. తండ్రి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. అక్క కూతుర్ని రస్సెల్ తన ఇంటికి తెచ్చుకున్నాడు. జడ వేయడం రాదు, గుడ్డు తప్ప వండడం రాదు. అయినా పిల్లని వదల్లేదు.

ఊరి పక్కనున్న సుపీరియర్ సరస్సు గడ్డకట్టింది. పొద్దున్నే గుమ్మం దగ్గర ఐలా, రస్సెల్‌ల మాటలు మాత్రం రోజురోజుకీ పెరిగాయి. ఒకరోజు రస్సెల్ కాగితం సంచీ చాపాడు. లోపల గులాబీ రంగు పాకం పూసిన బన్ను.

"వద్దండీ. మీ పిల్లకి మార్కులు వేసేది నేనే."

"ఒక బన్నుకి ఎన్ని మార్కులు వేస్తారేంటి?"

"నవ్వులాట కాదు. జూన్ దాకా టెస్సా నా క్లాసులో ఉంటుంది. అందాకా బన్నూ లేదు, కాఫీ లేదు."

"నేను కాఫీ మాటే ఎత్తలేదే!" అన్నాడు రస్సెల్, కళ్లతో నవ్వుతూ.

ఐలా చెవులు ఎర్రబడ్డాయి. తన మనసు బయటపడిందని ఆవిడకీ తెలిసింది, ఆయనకీ తెలిసింది.

మే నెలలో మదర్స్ డే వచ్చింది. ముందటి శుక్రవారం ప్రతి క్లాసులోనూ పిల్లలు అమ్మకి కార్డు చేస్తారు. ఐలాకి వారం ముందు నుంచే గుబులు పట్టుకుంది. అందరూ "అమ్మా" అని రాస్తుంటే టెస్సా ఏమైపోతుంది? ఆలోచించి ఆలోచించి, జిగురు సీసాలు బయటికి తీసేముందు టెస్సాని మెల్లగా పిలిచి, "లైబ్రరీలో పుస్తకాలు సర్దిపెడతావా తల్లీ?" అని పంపేసింది. పిల్ల ఏడవకుండా గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంది కూడా.

బడి వదిలాక రస్సెల్ ఒక్కడే లోపలికొచ్చాడు. మొహంలో నవ్వు లేదు.

"ట్రక్కెక్కగానే అది నన్నేమడిగిందో తెలుసా? 'మామయ్యా, చచ్చిపోతే అమ్మ కాకుండా పోతుందా?' అని."

ఐలా చేతిలోని కత్తెర బల్ల మీద పడింది. "ఏడుస్తుందేమోనని..."

"ఏడిస్తే ఏడుస్తుంది! అమ్మ పోయిన పిల్ల ఏడవకూడదా? ఒక్క మాట దాన్నే అడిగి ఉండాల్సింది." ఆయన గుమ్మం వైపు తిరిగాడు. "మీరొక్కరే దాన్ని మనిషిలా చూస్తారనుకున్నా."

వెళ్లిపోయాడు. ఐలా జాలిపడ్డాననుకుంది కానీ చేసిందేమిటి? క్లాసులో అందరికీ ఉన్న అమ్మని ఆ ఒక్క పిల్లకి లేకుండా చేసింది. ఆదివారమే పండుగ. సోమవారం దాకా ఆగితే ఆ కార్డుకి అర్థం ఉండదు.

కోటు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. ట్రక్కు కదలబోతోంది. కిటికీ అద్దం మీద తట్టి, అది దిగగానే టెస్సా కళ్లకి తన కళ్లు ఎదురయ్యేలా బురదమంచులో మునివేళ్ల మీద నిలబడింది.

"టెస్సా, నీకేం కావాలో నిన్నడక్కుండా నేనే తేల్చేశాను. తప్పు నాదే. నన్ను క్షమిస్తావా?"

టెస్సా సీటు బెల్టు విప్పుకుంది. "కార్డుకి మెరుపుల పొడి ఉందా?"

"గులాబీ రంగు అయిపోయింది. వెండి రంగుంది."

"అమ్మకి వెండి ఇష్టమే," అంది టెస్సా, తలుపు తీసుకుని దిగుతూ.

ఖాళీ క్లాసులో కార్డు తయారైంది. మధ్యలో టెస్సా వెక్కి వెక్కి ఏడ్చింది. ఐలా ఊరుకోమనలేదు. పక్కనే కూర్చుని జిగురు సీసా పట్టుకుంది. గుమ్మంలో నిలబడ్డ రస్సెల్ అదంతా చూశాడు.

వెళ్తూ వెళ్తూ టెస్సాయే అడిగింది. "ఆదివారం సమాధి దగ్గరికి వస్తారా, టీచర్?"

ఆదివారం గాలి కోసేస్తోంది. సరస్సు మీద ఇంకా మంచు పలకలు తేలుతున్నాయి. శ్మశానం గేటు దగ్గర ఐలా ఆగింది.

"నేను లోపలికి రానా, ఇక్కడే ఉండనా?"

"ఉండండి. ముందు నేను అమ్మతో మాట్లాడాలి. మామయ్యా, నువ్వూ ఉండు."

కార్డు గుండెకి హత్తుకుని టెస్సా ఒక్కతే నడిచింది.

"ఆ రోజు ఎక్కువ మాట్లాడాను," అన్నాడు రస్సెల్.

"లేదు. అనాల్సిందే అన్నారు."

"జూన్‌లో మిమ్మల్నొకటి అడగాలి," అన్నాడాయన నెమ్మదిగా.

"ముందు ఎవర్ని? నన్నా, టెస్సానా?"

రస్సెల్ ఆవిడ వైపు తిరిగాడు. "ముందు దాన్నే."

దూరం నుంచి టెస్సా చెయ్యి ఊపింది. "ఇప్పుడు రండి!"

కార్డు ఎగిరిపోకుండా దాని మీద రాయి పెట్టి ఉంది. టెస్సా సమాధి రాతి మీద అమ్మ పేరుని వేలితో తుడిచి, ఐలా చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది.

"అమ్మా, ఈవిడే. చీటీ మీద మామయ్య పేరు రాసే టీచర్."

ఐలా రెండో చెయ్యి ఆ రాతి మీద ఆనించింది. రస్సెల్ టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. టెస్సా ఇద్దరి మధ్యా నిలబడి ఏడ్చింది. ఈసారి ఎవరూ ఎవర్నీ ఊరుకోమనలేదు.