ఎనిమిది వేళ్ల నంబరు

పొద్దున్నే అమ్మ వంటింట్లో పీట ముందేసుకుని ఉల్లిపాయలు తరుగుతోంది. కలప మిల్లుకి బయలుదేరుతున్న చిన్నకొడుకు గోడవైపు తిరిగి ఎడమచేత్తో చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు. వాడి కుడిచేతికి రెండు వేళ్లు లేవు.

పెద్దకొడుకు పక్కగదిలోంచి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నిన్న ఆఫీసులో ఏమన్నారురా, క్రేన్ లైసెన్సు ఇస్తారటా?" అంది అమ్మ.

"ఇవ్వరట. ప్రభుత్వం ఇచ్చిన నా నంబరు కొట్టి చూస్తే కుడిచేతికి రెండు వేళ్లు లేవని వస్తోంది. పది వేళ్లూ చూపించాను. 'చేతితో మాకు పనిలేదు, రికార్డులో ఏముందో అదే లెక్క' అన్నాడు గుమాస్తా."

"మిగతా రెండూ వాడేమైనా తిన్నాడా?"

"నవ్వకమ్మా. వీడి వేళ్లు తెగినప్పుడు ఆసుపత్రివాళ్లు నా నంబరు మీద రాశారు. ఒరేయ్, ఇవాళ నాతో వచ్చి ఆ చెయ్యి నీదని చెప్పు."

"చెబితే మిల్లులోంచి గెంటేస్తారు. కేసు పెడతారు. అక్కడ ఈరోజుకీ నేనంటే నువ్వే అన్నా."

"ఆరేళ్లు కష్టపడి క్రేన్ నేర్చుకున్నానురా."

"నేను ఆరేళ్లుగా రంపపు పొట్టు ఊడుస్తున్నాను."

అన్న వాడి గల్లా పట్టి గోడకేసి కొట్టాడు. అరలో గిన్నెలు దబదబా కిందపడ్డాయి. తమ్ముడు తలతో ముఖం మీద గుద్దాడు. అన్న ముక్కులోంచి రక్తం కారి చొక్కా తడిసింది. అమ్మ మధ్యలోకి వెళ్లబోతే ఎవరి మోచెయ్యో తగిలి నేలమీద కూలబడింది. ఇద్దరూ చూడలేదు.

అన్న పీటమీది కత్తి అందుకున్నాడు. తమ్ముడి మీదికి కాదు. మోకాళ్ల మీద కూర్చుని తన కుడిచెయ్యి పీటమీద పరిచాడు.

"రెండేగా ఎక్కువున్నాయి. ఇప్పుడు సరిపోతుంది రికార్డు."

కత్తి దిగేలోపు తమ్ముడు దాన్ని అంచు దగ్గరే పట్టేసుకున్నాడు, మిగిలిన ఆ మూడు వేళ్లతోనే. ఉల్లిపాయల మీద రక్తం బొట్లు బొట్లుగా పడింది.

"వదులన్నా. నీ బదులు ఒకసారి వేళ్లు పోయాయి, చాలలేదా?"

అన్న చెయ్యి సడలింది.

"ఆ రోజు మిల్లు పని నీది. క్రేన్ నేర్పే ఆయన రమ్మన్నాడని నీ నంబరు కార్డు నా జేబులో పెట్టి, ఒక్కరోజేరా అన్నావు. నేను వెళ్లాను."

ఆరేళ్లలో ఏనాడూ అన్న ఆ చేతిని తిన్నగా చూడలేదు. ఒకే కంచం ముందు కూర్చున్నా చూపు తిప్పుకునేవాడు. ఇప్పుడు చూశాడు.

అమ్మ లేచి వచ్చి పెద్దవాడి చెంప పగలగొట్టింది. ఆ చేత్తోనే వాడి తల పొట్టకి అదుముకుంది. తర్వాత పాతచీర చింపి చిన్నవాడి చేతికి కట్టింది.

మధ్యాహ్నం ఆఫీసులో, రికార్డులో ఉన్న చెయ్యి వేరేవాళ్లదని విన్న గుమాస్తా ఇద్దరి ముఖాలూ చూసి, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"వేరేవాళ్ల నంబరు వాడింది ఎవరు?"

తమ్ముడు నోరు తెరవబోతే అన్న వాడిని వెనక్కి నెట్టాడు.

"నేనే ఇచ్చి పంపాను. అప్పటికి వాడికి పదహారేళ్లు, సొంత నంబరు లేదు. ఆ వేళ్లు నా బదులు పోయినవి. అలాగే రాయండి."

"అలా రాస్తే మోసం చేసింది నువ్వవుతావు, నీకు లైసెన్సు రాదు. కేసు కూడా నీ మీదే."

"రాయండి. వాడికి వాడి నంబరు ఇవ్వండి."

గుమాస్తా వేలిముద్రల పెట్టె ముందుకు తోశాడు. తమ్ముడు చెయ్యి వీపు వెనక దాచుకున్నాడు. అన్న దాన్ని మెల్లగా ముందుకు తెచ్చి, కట్టు విప్పి, ఒక్కొక్క వేలే పెట్టెమీద ఆనించాడు.