గుండీలు అంటించిన గాలాల పెట్టె

ఇడ్లీ పాత్రలో నీళ్ళు మరుగుతున్నాయి గానీ కరుణాకుమారి ధ్యాస పొయ్యి మీద లేదు. చెవులు రెండూ వరండా వైపు అప్పగించి నిలబడింది. అక్కడ ఆవిడ భర్త హెబ్రోను, కోడలు అబిగయీలు చాప మీద ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో ఒక కొత్త ప్లాస్టిక్ పెట్టె పెట్టుకుని మంతనాలు సాగిస్తున్నారు.

మామగారి పుట్టినరోజుకని ఆ పెట్టెను కోడలు ఆన్‌లైన్‌లో తెప్పించింది. లోపలంతా సన్నటి గాడులు, వాటిలో దూర్చడానికి అడ్డబద్దలు. బద్దల్ని ఎక్కడ కావాలంటే అక్కడ దూర్చి, గడుల్ని చిన్నవీ పెద్దవీ చేసుకోవచ్చు. హెబ్రోను చేపలకు వేసే గాలాలన్నీ ఇప్పుడు ఆ గడుల్లోకి చేరుతున్నాయి.

"ఈ గడి ఇంకొంచెం వెడల్పు చెయ్యి అబీ. రెండు వేళ్ళూ దూరాల."

"ఇట్టనా మామయ్యా?"

"ఆఁ, ఇప్పుడు సరిపోయింది. నువ్వొచ్చినాకనే నా సరంజామాకు ఒక ఒద్దిక వచ్చిందమ్మా."

ఆ మాట వంటింట్లో ఉన్న మనిషికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఒద్దిక ఇప్పుడొచ్చిందట. మరి ముప్పయ్యేళ్ళుగా ఏమున్నట్టు?

హెబ్రోను కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేరి, లైన్ ఇన్‌స్పెక్టరుగా విడవలూరులోనే రిటైరైనాడు. తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న పిచ్చి ఒక్కటే, శనివారం పొద్దున పెన్న సముద్రంలో కలిసే చోటికి పోయి గాలమేసుకుని కూర్చోవడం. మొదట్లో రొయ్యపిల్లను ఎరగా గుచ్చేవాడు. తర్వాత రంగులేసిన ఉత్తుత్తి చేపలు వచ్చాయి, తోకాడించే రబ్బరు చేపలు వచ్చాయి, చెరువులో కొర్రమీనును ఊరించే రబ్బరు కప్పలు కూడా వచ్చాయి. వాటన్నిటినీ బిస్కెట్ డబ్బాల్లో, బామ్ సీసాల్లో దాచిపెట్టింది కరుణాకుమారి. పండుగప్పకు వేసేవన్నీ ఒక డబ్బా, కొర్రమీనుకు ఒకటి, పారకు ఒకటి, వంజరానికి ఒకటి. శనివారం పొద్దున గడపలో నిలబడి "కరుణా, ఈరోజు పండుగప్పకు" అని ఆయన అనేవాడు. ఆవిడ డబ్బా అందించేది. ఆ మనిషికి పెళ్ళాన్ని మెచ్చుకోవడం చేతకాదు, ముద్దు మాటలు అసలే రావు. ఆయన అలా అడగడమే ఆవిడకు వెయ్యి మెప్పుల పెట్టు.

ఇప్పుడు అడగడం లేదు. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా?

పెట్టె ఒక్కటే అయితే సరిపెట్టుకునేది. ఎనిమిది నెలలుగా ఆయన వరసే మారింది. నిక్షేపంలాంటి మోపెడ్‌కు గుడ్డ కప్పేసి, కోడలి స్కూటీ వెనక ఎక్కి ఏటికి పోతున్నాడు. సాయంత్రం ఇంట్లో ప్రార్థనప్పుడు తాను చదివే వాక్యం మానేసి "అబీ, నువ్వు చదువమ్మా, నీ గొంతు బాగుంటుంది" అంటున్నాడు. నెలకోసారి ఇద్దరూ కలిసి నెల్లూరు పోతారు. పొద్దున పోయి సాయంత్రం దిగుతారు, చేతిలో చూడబోతే రెండు రబ్బరు చేపలు. రెండు రబ్బరు చేపలకు రోజంతా పడుతుందా? కొడుకు టైటస్‌తో చెప్పుకుందామంటే, రొయ్యల మేత కంపెనీ వాడిని వారంలో నాలుగు రోజులు భీమవరం చుట్టూ తిప్పుతుంది. అయినా ఏమని చెప్పుకుంటుంది? కోడలి మీద కుళ్ళుగా ఉందిరా అని కొడుకుతో ఏ తల్లి చెప్పుకుంటుంది? కుళ్ళు అని తనకూ తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గేదైతే అది కుళ్ళెందుకవుతుంది?

నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. మూతి మాత్రం ముడిచే ఉంచింది. ఆయన అన్నం తింటుంటే ఎదురుగా నిలబడి కళ్ళురిమింది, ఎదురుపడితే మొహం తిప్పుకుంది. ఎనిమిది నెలల్లో ఆయన ఒక్కసారైనా "ఏమైంది కరుణా?" అని అడిగిన పాపాన పోలేదు.

ఇడ్లీలు దించి వరండాలోకి వచ్చింది. కోడలు గమ్ము ట్యూబు పట్టుకుని గడుల అంచులకు చొక్కా గుండీలు అంటిస్తోంది. ఒక గడికి ఒకటి, ఇంకో గడికి రెండు, మూడో దానికి పెద్ద కోటు గుండీ.

"పెట్టెకు గుండీలెందుకమ్మే? చొక్కా కుడతా ఉండావా?"

అబిగయీలు తడబడింది. "ఊరికే అత్తయ్యా. గుర్తుకు."

"గుర్తుకైతే పేరు రాసి అంటిస్తారు. బీ ఫార్మసీ చదివి, మందుల షాపులో పనిచేసేదానివి, నీకు నేను చెప్పాల్నా?"

కోడలు మామగారి వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకుని "ఇడ్లీలోకి కారప్పొడి ఉండాదా?" అన్నాడు. ఇద్దరికీ తెలిసి తనకు తెలియని సంగతేదో ఉంది.

మధ్యాహ్నం కోడలు షాపుకు వెళ్ళింది. హెబ్రోను భోంచేసి కునుకు తీస్తున్నాడు. కరుణాకుమారి పెట్టెను వంటింట్లోకి తెచ్చుకుని తలుపు దగ్గరగా వేసింది.

సొంత ఇంట్లో, సొంత మొగుడి పెట్టెను దొంగలా తెరవాల్సి వచ్చిందే అని కళ్ళనీళ్ళు తిరిగాయి. అయినా చేతులు ఆగలేదు. మూత తీసి చూస్తే ఆ సర్దుడికి తలా తోకా లేదు. పండుగప్పవీ కొర్రమీనువీ కలిసిపోయి ఉన్నాయి. మెత్తనివన్నీ ఒకవైపు, గట్టివి ఒకవైపు, మూడు కొక్కేలు వేలాడేవి మరీ లోపలి వరసలో. ఏ చేపకు ఏదో తెలియని పిల్ల సర్దిన సర్దుడు అనుకుంది. గోటితో గుండీలన్నీ పీకి పారేసింది. అడ్డబద్దలు తీసి నాలుగే నాలుగు పెద్ద గడులు చేసింది. పండుగప్ప, కొర్రమీను, పార, వంజరం. ముప్పయ్యేళ్ళ వరస. చెయ్యి దానంతటదే పోతుంది. అంతా అయ్యాక తృప్తిగా చూసుకుంది. రేపు మూత తీయగానే ఇది ఎవరి చెయ్యో ఆయన గుర్తుపడతాడు. పట్టాలి.

శనివారం తెల్లగా తెల్లవారింది. హెబ్రోను మెట్ల మీద కూర్చుని రాడ్డుకు దారం కడుతున్నాడు. కరుణాకుమారి చెట్లకు నీళ్ళు పోస్తున్నట్టు నటిస్తూ ఓరకంట చూస్తోంది. ఆయన పెట్టె మూత తీశాడు. పెట్టె వైపు చూడనైనా చూడకుండా, మొహం గేటు వైపు పెట్టుకుని, చూపుడు వేలితో అంచు తడిమాడు. మళ్ళీ తడిమాడు. ఆ తర్వాత రెండు వేళ్ళూ గడిలోకి దించాడు.

"అబ్బా."

నీళ్ళ చెంబు పడేసి పరిగెత్తింది. మూడు కొక్కేల గాలం ఒకటి నడిమివేలి కండలోకి, మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే ముల్లుతో సహా దిగిపోయింది. రక్తం మెట్టు మీద బొట్లుగా పడుతోంది.

"అంత గాలం ఎదురుగా ఉంటే కనపళ్ళా? యాడో చూస్తా చెయ్యి పెడతారా?"

ఆయన ఇంట్లోకి కేకేశాడు. "అబీ. ఇక్కడ రబ్బరు చేపలు గదా ఉండాల?"

అబిగయీలు తడిజుట్టుతో పరిగెత్తుకొచ్చింది. వేలు చూసింది, పెట్టె చూసింది. అప్పుడైనా నేనే సర్దానని చెప్పి ఉంటే కరుణాకుమారి మర్యాద కొంతైనా దక్కేది. నోటికి అది రాలేదు.

"కొత్త పెట్టె, కొత్త పద్ధతి. సరిగ్గా సర్ది ఉండదు," అంది.

కోడలు తలెత్తి చూసింది. "అత్తయ్యా, మామయ్య పనిసంచీలో కటింగ్ ప్లేయర్ ఉంటుంది, తెండి," అంది. కరుణాకుమారి తెచ్చి ఇచ్చింది. కోడలు గాలం మొనను ఇంకాస్త ముందుకు తోసి అవతలికి తెప్పించి, ముల్లును కత్తిరించి, మిగిలింది వెనక్కి లాగేసింది. హెబ్రోను పళ్ళు బిగించుకుని ఊరుకున్నాడు. కట్టు కట్టడం అయ్యాక అబిగయీలు పెట్టె అంచు మీద వేలు పెట్టి రాసి చూసింది.

"గుండీలు ఎవరు పీకినారు?"

"నేనే," అంది కరుణాకుమారి. ఒకసారి మొదలయ్యాక ఇక ఆగలేదు. "పీకినా. గడులు కూడా మార్చినా. నా మొగుడి గాలాలు ముప్పయ్యేళ్ళు నేను సర్దినాను. ఒక్కటి కూడా ఆయన్ని గుచ్చలేదు. నిన్నగాక మొన్న గూడూరు నుంచి వచ్చినదానివి, ఆయన బండి నీదే, ఆయన బైబిలు నీదే, నెల్లూరు ప్రయాణాలు మీ ఇద్దరివే. ఇంక ఈ ఇంట్లో నేనేంది? ఇడ్లీలు వేసేదాన్నా?"

అబిగయీలు కళ్ళు నిండాయి. "మామయ్యా, ఇంక నావల్ల కాదు. మీరు చెప్పకపోతే నేనే చెప్తాను," అంది.

హెబ్రోను కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎదురుగా ఉంటే కనపళ్ళేదా అన్నావే, కనపళ్ళేదు కరుణా. ఎదురుగా ఉండేదే నాకు కనపడదు."

"అంటే ఏంది?"

"కళ్ళ వెనక పొర నడిమధ్య చెడిపోయిందంట. చుట్టూ కనిపిస్తుంది, అందుకనే నడవగలను. దేని వైపు తిన్నగా చూస్తే అది మసకలో పోతుంది. అక్షరం పోతుంది, గాలం పోతుంది. నెల నెలా నెల్లూరులో కంట్లోకి ఇంజెక్షను వేస్తా ఉండారు. ఉండే చూపు నిలబడుతుందంట, పోయింది మాత్రం రాదు."

"మామయ్య బీపీ బిళ్ళ బదులు షుగర్ బిళ్ళ రెండుసార్లు వేసుకున్నాడత్తయ్యా," అంది అబిగయీలు. "బిళ్ళల అట్ట చూసి కళ్ళ సంగతి పట్టుకున్నా. గుండీలు వేలికి తగలాలని అంటించినాను. ఒకటుంటే మెత్తనివి, రెండుంటే గట్టివి, పెద్ద గుండీ ఉంటే కొక్కేలవి, అందులో చెయ్యి పెట్టకూడదు. మీకు చెప్పమని నెలనెలా పోరతానే ఉండాను. ఒట్టేయించుకున్నాడు."

కరుణాకుమారి మెట్టు మీద కూర్చుంది. "నాకెందుకు చెప్పలేదు?"

"నాకు మొలలొచ్చినప్పుడు ఏం చేసినావు? ఆదివారం గుడిలో లేచి నిలబడి ప్రార్థన మనవి అని చెప్పినావు. పాస్టరుగారు నా పేరు పెట్టి, జబ్బు పేరు పెట్టి ప్రార్థన చేసినాడు. నెల్లాళ్ళు నేను ఏ ఇంటికి పోయినా కుర్చీ మీద దిండు వేసినారు."

మరో రోజయితే అబిగయీలు పగలబడి నవ్వేది. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు.

"అదొక సాకులే," అన్నాడాయన. "నీకు తెలిస్తే ఇంక అది నిజమైపోతుందని భయం. నీకు తెలియనంతకాలం ఇంట్లో అంతా ఎప్పటి మాదిరే ఉండింది."

అంతా ఎప్పటి మాదిరే ఉండిందట. కరుణాకుమారికి అనుమానం వచ్చింది. జరిగి ఆయనకు ఎదురుగా కూర్చుంది.

"నా వైపు చూడండి. నా మొహం కనపడతా ఉండాదా?"

ఆయన చూశాడు. చూపు ఆవిడ మొహం మీదే ఉంది, అయినా ఎక్కడా ఆనలేదు. "మొహం ఉండే చోట మసక. చుట్టూ జుట్టు కనిపిస్తుంది. కమ్మలు కొంచెం మెరుస్తాయి."

"ఎన్నాళ్ళుగా?"

"క్రిస్మస్‌కు ముందు నుంచి."

ఎనిమిది నెలలు. లెక్క వేయాల్సిన పని లేదు. ముడిచిన మూతి, ఉరిమిన కళ్ళు, తిప్పుకున్న మొహం, అన్నీ ఆయన ఎదురుగానే చేసింది. ఎదురుగా చేసింది కాబట్టే ఒక్కటీ ఆయనకు చేరలేదు. పట్టించుకోలేదని కుమిలిపోయింది గానీ, పట్టించుకోవడానికి ఆ మనిషికి కనిపించిందెక్కడ?

"ఎనిమిది నెలలు నీ మీద కోపంగా తిరిగినాను," అంది. మీరు కాస్తా నువ్వైంది.

"అట్టనా?" హెబ్రోను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నాకు తెలియదే. నాకు గుర్తుండే మొహాన్నే చూసుకుంటా ఉండాను. అది నవ్వతానే ఉండింది."

కరుణాకుమారికి దుఃఖం ముంచుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని, ఆయన కోసం బలవంతాన నవ్వు తెచ్చుకుంది. తెచ్చుకున్నాక గాని గుర్తు రాలేదు, ఆ నవ్వు ఆయనకు అందదని. ఇకమీదట మొహంతో చెప్పేవన్నీ నోటితో చెప్పుకోవాలి.

"నవ్వతా ఉండాను," అంది. అలా చెప్పడం కొత్తగా, సిగ్గుగా అనిపించింది.

"సరే," అన్నాడు హెబ్రోను. ఆయనా నవ్వాడు.

నోటితో చెప్పాల్సింది ఇంకొకటి మిగిలింది. అది ఇంకా కష్టం. కోడలి వైపు తిరిగింది.

"అబీ, నువ్వు సరిగ్గానే సర్దినావు. నేను అబద్ధం ఆడినాను. నిన్ను చూస్తే నాకు కుళ్ళమ్మా. ఎనిమిది నెలల్నుంచి."

అబిగయీలు చున్నీతో ముక్కు తుడుచుకుంది. "తెలుసత్తయ్యా."

"ఎట్టా తెలుసు? నేనెప్పుడూ ఒక్క మాటన్నా అనలేదే."

"మీ మొహం ఆయనకు కనపళ్ళేదు గానీ, నాకు కనపడతానే ఉండింది గదా," అంది కోడలు. "రోజూ."

ఆయనకని గురిపెట్టిన చూపులన్నీ ఇన్నాళ్ళూ ఎవరు మోశారో కరుణాకుమారికి అప్పుడు తెలిసింది. జరిగి, మెట్టు మీద తన పక్కన చోటు చేసి, కోడలి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టుకుంది.