గాలి పోయిందా?

ఆ ఆస్పత్రి రెండో అంతస్తులో చివరి గదిని ఎవరూ నంబరుతో పిలవరు. గాలి గది అంటారు. కడుపు ఆపరేషన్లయిన ఆడవాళ్లకి అక్కడే మంచాలు... నాలుగు. "వరండాలో చాపేసుకుని పడుకుంటాం గానీ, ఆ గదిలోకి మాత్రం వద్దు బాబూ" అని నర్సుల్ని బతిమాలుకునేవాళ్లని నా కళ్లతో చూశాను.

ఎందుకంటే — రాత్రి రెండు దాటాక ఆ గది గుమ్మంలో ఒక చెయ్యి కనబడుతుందట. మనిషి కనబడడు. ఒట్టి చెయ్యే. అదీ ఎర్రగా, లోపల నిప్పు పెట్టినట్టు వెలుగుతూ... చీకట్లో అలా ఆగిపోతుందట. దాని వెనక నుంచి గొంతు. గొంతని కూడా అనలేం, గొంతు అరిగిపోగా మిగిలిన గరగర.

"గాలి పోయిందా?..."

ఒక్కో మంచం వైపూ తిరిగి అదే అడుగుతుందట.

నిన్ను పట్టిన గాలి పోయిందా, ఒళ్లు ఖాళీ అయిందా, అయితే నేనొచ్చి చేరతాను — అదీ దాని భావమని అక్కడ అందరూ చెప్పుకుంటారు. "పోయింది" అన్నామా, ఇక మన ఆశ వదులుకోవాల్సిందేనట. అందుకే కొత్తగా వచ్చిన మనిషికి పక్క మంచం వాళ్లు ముందు ఆ సంగతే చెబుతారు. ఏం జరిగినా సరే, "పోలేదు" అనాలి.

నాకిదంతా చెప్పింది మా కండక్టరమ్మ. నేను డ్రైవర్ని. పదకొండేళ్లుగా ఇద్దరం ఒకే బస్సు మీద ఉన్నాం. నాకు దెయ్యాలంటే భయం, ఒప్పుకోడానికి సిగ్గేమీ లేదు. ఆవిడ అలా కాదు. తాగొచ్చి గొడవ చేసేవాణ్ని కాలరు పట్టుకుని దించి, "ఇంటికెళ్లి పడుకో నాన్నా" అని పంపించే రకం.

ఆ రోజు మధ్యాహ్నం టికెట్లు కొడుతూ కొడుతూ కడుపు పట్టుకుని సీట్లో కూలబడింది. పొద్దున్నుంచీ నొప్పేనట. చెబితేగా! మొహం పాలిపోయి ఉంది. నేనింకెక్కడా ఆపలేదు. బస్సుని జనంతో సహా ఆస్పత్రి గేట్లోకి పోనిచ్చాను. స్ట్రెచర్ మీద పడుకుని కూడా, "అన్నా, నీలం చొక్కా ఆయన టికెట్ తీసుకోలేదు, వదలకు!" అంటోంది.

అపెండిక్స్ లోపలే పగిలిందన్నారు. ఇంకో గంట ఆలస్యమైతే... అని సర్జన్ గారు ఆగిపోయారు. అప్పటికప్పుడే లోపలికి తీసుకెళ్లి కోశారు. బయట బెంచీ మీద నేనూ, ఆవిణ్ని చిన్నప్పటి నుంచీ పెంచిన పెద్దమ్మా కూర్చున్నాం. ఆ రెండు గంటల్లో నేను తలుచుకోని దేవుడు లేడు.

తెలివొచ్చేసరికి ఆవిడ ఆ గదిలోనే ఉంది.

మిగతా మూడు మంచాల మీదా ఒక టీచరమ్మ, ఒక టైలరమ్మ, ఒక మామ్మగారు. ముగ్గురి పెదాలూ పగిలి పొలుసులు లేచాయి. సెలైన్ ఎక్కుతోంది గానీ, రోజుల తరబడి నోట్లోకి నీటి చుక్క లేదు. సర్జన్ గారు పొద్దున్నే వచ్చేవారు, రాత్రి డ్యూటీవాళ్లు రాసిన కాగితం చూసేవారు, "ఇంకా లేదా? ఈ గదిలోవాళ్లకే ఎందుకిలా అవుతోంది?" అని నుదురు రుద్దుకునేవారు. నీళ్లు వద్దని చెప్పి వెళ్లిపోయేవారు.

ఆ మాట విన్న పెద్దమ్మ మంచం దగ్గరికి జరిగింది.

"డాక్టరుకే అంతుపట్టడం లేదంటే ఇంకేముందే? అది పీల్చేస్తోంది వీళ్లని" అంది గుసగుసగా.

రెండో రాత్రి చెయ్యి వచ్చింది. కండక్టరమ్మ మత్తులో కళ్లు విప్పేలోపే, కింద చాప మీదున్న పెద్దమ్మ, "పోలేదు నాయనా, మా పిల్లది పోలేదు, పోలేదు!" అని మూడుసార్లు చెప్పేసింది. చెయ్యి కాసేపు అలాగే ఉండి... ఆరిపోయింది.

తెల్లారగానే పెద్దమ్మ సర్జన్ గారి ముందు నిలబడింది. మా పిల్లని ఇంటికి తీసుకుపోతామంది.

"చీము కడుపంతా పాకిందమ్మా. ఇంకో ఐదు రోజులు సూది మందు పడాలి. ఇప్పుడు తీసుకెళ్తే మళ్లీ తీసుకొచ్చే టైం కూడా ఉండకపోవచ్చు" అన్నారాయన.

పెద్దమ్మ వినలేదు. మా పూచీ మీద మేం తీసుకెళ్తున్నామనే కాగితం రాయించుకుని వచ్చింది. ఇక కండక్టరమ్మ సంతకమే తరువాయి.

"రేపు పొద్దున్నకల్లా సంతకం పెట్టు. లేదంటే నా మీద ఒట్టే" అంది.

కండక్టరమ్మకి దుఃఖమొచ్చింది. నలభై ఏళ్ల మనిషి, దిండులో మొహం పెట్టుకుని ఏడ్చింది. బతకాలని ఉంది. పెంచిన తల్లిని కాదనలేదు. అది దెయ్యం కాదని తేలితే తప్ప పెద్దమ్మ వదలదు. తేలాలంటే మరి... దాని ప్రశ్నకి ఎవరో ఒకరు సమాధానం చెప్పాలి.

"భయం వెయ్యలేదా?" అని తర్వాత ఆవిణ్ని అడిగాను.

"వేసిందన్నా, అబద్ధమెందుకు? కానీ దానికంటే కోపం ఎక్కువగా వేసింది. పదిమందిని నోరెత్తనివ్వకుండా చేసిందంటే, అది దెయ్యమైతే మాత్రం గొప్పేంటి?"

మూడో రాత్రి.

ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. టీచరమ్మ దుప్పటి తలమీదికి లాక్కుంది. వరండాలో చెప్పులు... ఈడ్చినట్టు... ఒక్కో అడుగూ ఆగుతూ...

గుమ్మంలో వెలుగు. చెయ్యి. అయిదు వేళ్లూ ఎర్రగా.

"గాలి పోయిందా?..."

"పోలేదు" అంది టీచరమ్మ దుప్పట్లోంచి. టైలరమ్మ "పోలేదు". మామ్మగారు "ఇంకా పోలేదయ్యా".

చెయ్యి కండక్టరమ్మ వైపు తిరిగింది. పెద్దమ్మ ఆవిడ కాలు పట్టుకుని నొక్కుతోంది, వద్దు వద్దని.

ఆవిడ దిండుని కుట్లమీద అదిమిపెట్టుకుని, పళ్లు బిగించి, లేచి కూర్చుంది. నిండు బస్సులో చివరి సీటుదాకా వినబడే గొంతుతో —

"పోయింది!"

పెద్దమ్మ చెయ్యి జారిపోయింది.

"పోయిందా?..." గరగర వణికింది. "ఎప్పుడు?"

"సాయంత్రం! ఏం చేస్తావ్? కోయించుకుని ఒకదాన్ని బయటికి తీయించుకున్నది నిన్ను ఎక్కించుకోడానికి కాదు. సీటు ఖాళీ లేదు. దిగు!"

చెప్పులు కదిలాయి. వెనక్కి కాదు — లోపలికి. ఒక అడుగు... రెండు... చెయ్యి మంచం దాకా వచ్చింది. ఆవిడ సెలైన్ స్టాండు పట్టుకుంది, మీద పడితే కొట్టడానికే.

"అమ్మయ్య!" అంది గరగర. "ఆరు నెలలైంది తల్లీ, ఈ గదిలో ఒక్కరైనా ఆ మాట అని!"

ఎర్ర చెయ్యి తెరుచుకుంది. అందులో టార్చిలైటు.

రాత్రి డ్యూటీ నర్సు. రిటైర్మెంటు దగ్గరపడ్డ పెద్దాయన. గొంతుకి ఆపరేషన్ అయ్యాక మిగిలింది ఆ గరగరే. వెలుగు కళ్లల్లో పడి రోగులు లేస్తారని టార్చికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని తిరుగుతాడు.

"ఇంతకీ గాలంటే ఏ గాలి?" అంది ఆవిడ, స్టాండు వదలకుండా.

"కింది గాలి తల్లీ. కడుపు కోశాక అది పోతేనే పేగులు కదిలినట్టు. అప్పుడే నీళ్లివ్వమంటారు. మీరేమో పోలేదు పోలేదంటే, నేనూ అలాగే రాస్తున్నాను."

"గ్యాస్ అనొచ్చుగా మహానుభావా!"

"మొదట్లో అదే అడిగాను. ఒకావిడ, మొన్ననే కొత్త సిలిండర్ పెట్టాం బాబూ, అంది. అప్పట్నుంచీ మానేశాను. ఇప్పుడు చెప్పు తల్లీ... నిజంగా పోయిందా?"

కండక్టరమ్మ గొంతు మొదటిసారి తగ్గింది.

"పోయింది... సాయంత్రం. రెండుసార్లు."

చీకట్లో దుప్పటి కదిలింది.

"సార్... నాది మొన్ననే పోయింది" అంది టీచరమ్మ.

"నాది నాలుగు రోజులైంది" అంది టైలరమ్మ, ఏడుపు గొంతుతో.

"నాది ఎప్పుడు ఆగిందని?" అంది మామ్మగారు.

పెద్దాయన కాగితం మీద గబగబా రాసుకుని, సర్జన్ గారికి ఫోన్ చేసి, నీళ్లు తెచ్చాడు. తలా రెండు చెంచాలు. చెంచా పెదవికి తగలగానే టైలరమ్మ వెక్కివెక్కి ఏడ్చింది.

కండక్టరమ్మ మంచం కిందికి చెయ్యి చాపింది.

"ఆ కాగితం ఇటివ్వు పెద్దమ్మా."

ఇచ్చింది. కండక్టరమ్మ దాన్ని నాలుగు ముక్కలుగా చింపేసింది.

"ఐదు రోజులూ ఉంటాను. వెళ్లాలంటే నువ్వు వెళ్లు."

చాప మీంచి సన్నగా పెద్దమ్మ గొంతు —

"నాకూ ఓ గ్లాసు నీళ్లివ్వు నాయనా. ఇది నిన్ను దిగమన్నప్పుడే... నాది కూడా పోయింది."