పన్ను నొప్పి అన్నాడు నాన్న

ఆ ఇంట్లో పొద్దున టీకి పాలు పొయ్యి ఎక్కేది గడియారాన్ని చూసి కాదు, నాన్న గొంతు విని. ఆయనది కూరగాయల మార్కెట్లో వేలం పిలిచే పని. తెల్లవారకముందే వెళ్లి ఎండెక్కేసరికి వచ్చేవాడు. వీధి మలుపులోంచే కూతుర్ని కేకేసేవాడు. అమ్మ గుమ్మంలో చెవి పెట్టి ఉండేది. గొంతు మామూలుగా ఉంటే సరుకు తక్కువొచ్చినట్టు. బొంగురుపోతే బేరాలు జోరుగా సాగినట్టు. ఆ రోజు టీలో ఒక చెంచా చక్కెర ఎక్కువ పడేది. మార్కెట్లో ఆయన పేరు మైకు. అసలు మైకు చెడిపోయి మూలన పడి ఉన్నా అక్కడ అడిగే దిక్కు లేదు.

అందుకే బొంగురు వచ్చి పోకుండా ఉండిపోయినా ఆ ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. సరుకు పలచబడిన నెలల్లో కూడా అది తగ్గకపోతే, అలసట ఇంకా తీరలేదు కాబోలు అనుకున్నారు.

కూతురు రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. ఏడాదికోసారి ఇంట్లోవాళ్ల రక్తం తనే తీసి చూసేది. కిందటేడు నాన్న రక్తంలో వాపును చూపించే అంకె బాగా పైకి వచ్చింది. ఒంట్లో ఎక్కడ పుండున్నా, చీమున్నా పెరిగే అంకె అది. ఎక్కడైనా నొప్పిగా ఉందా అని అడిగింది. ఆయన దవడ పట్టుకుని, పన్ను అన్నాడు. వెనకాల పుచ్చుపన్ను ఒకటి ఉండనే ఉంది. పీకించారు. మళ్లీ ఒకసారి రక్తం చూద్దామంటే, దొంగ దొరికాడుగా, ఇంకా ఇల్లు సోదా దేనికన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది.

ఈ ఏడు ముద్ద దిగడం కష్టమయ్యాక గొంతులోకి గొట్టం వేసి చూశారు. క్యాన్సరు. స్వరపేటిక తీసేయాలన్నాడు డాక్టరు. తీస్తే ఇక మాట ఉండదు. రక్తంలో ఆ అంకె ఇంత పెరిగినవాళ్లకు తర్వాతి దారి కాస్త కష్టంగానే ఉంటుందనీ, అయినా అదేమీ జాతకం కాదనీ చెప్పాడు. కిందటేడు కూడా ఎక్కువే ఉందండీ అని కూతురు దాచకుండా అనేసింది. పక్కనే ఉన్న అమ్మ ఆమె వంక చూసింది.

ఇంటికొచ్చి, ఆస్పత్రికి బట్టలు సర్దుతూ మొదలుపెట్టింది.

"ఏడాది ముందే తెలుసన్నమాట నీకు."

"ఎక్కువుందని తెలుసమ్మా. ఎందుకో తెలీదు."

"నిప్పు లేనిదే పొగ రాదని చదువు లేని నాకే తెలుసే. ఊరందరి రక్తమూ చూస్తావు. కన్నతండ్రి రక్తం చూసి పన్ను పీకించావు."

పొగను బట్టి ఏ గదిలో కాలుతోందో చెప్పలేమమ్మా అనబోయి మింగేసింది కూతురు. ఇల్లు కాలుతున్నవాళ్లకు ఆ మాట దేనికి? రెండోసారి పరీక్ష చేయలేదన్న ముల్లు ఎవరూ గుచ్చకుండానే ఆమెలో దిగుతోంది. అమ్మ మాత్రం ఆగలేదు. రేపు నువ్వు ఆస్పత్రికి రావద్దు, నీ మొహం చూడలేను అంది.

గోడవైపు తిరిగి పడుకున్న నాన్న లేచి కూర్చున్నాడు. మిగిలిన కాస్త గొంతునూ డాక్టరు మాట విన్నప్పటినుంచీ పొదుపుగా వాడుతున్నాడు. మంచినీళ్లు కావాలన్నా సైగే.

"దాన్నేమీ అనకు," అన్నాడు. "ఆ పన్ను ఏనాడూ నొప్పెట్టలేదు."

అమ్మ చేతిలో చొక్కా సగం మడతలో ఆగిపోయింది.

"నొప్పి గొంతులోనే. అప్పుడే. చెబితే పిలవనివ్వరని..." దగ్గు తెర వచ్చి పోయేదాకా ఆగాడు. "పిలుపు లేకపోతే మార్కెట్లో నేనెవర్ని? దవడ చూపించాను. అమ్మడు నన్ను నమ్మింది. దాని తప్పు అదొక్కటే."

అమ్మ ఆ చొక్కా మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. చాలాసేపటికి వచ్చి కూతురి పక్కన కూలబడింది.

"సంచి నువ్వే సర్ది రేపు పట్టుకురామ్మా," అంది. "నాకు చేతులాడ్డంలేదు."

ఆపరేషనయింది. మార్కెట్లో మూలనున్న మైకును బాగుచేయించుకున్నారు. నాన్న మెడలో ఊపిరికి పెట్టిన రంధ్రం మీద తెల్లగుడ్డ చుట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటున్నాడు. గాయం మానాక కూతురు మళ్లీ రక్తం తీసింది. సాయంత్రం వచ్చి ఆయన ముందు కూర్చుంది.

"తగ్గింది నాన్నా. తగ్గాల్సినంత తగ్గలేదు. ఎందుకో వెతుకుతామన్నారు. ఈసారి నేను ఊరుకోను."

ఆయన విన్నాడు. నెమ్మదిగా చెయ్యెత్తి దవడ పట్టుకున్నాడు. నోరు తెరిచి, వెనకాల పన్ను పోయిన ఖాళీని వేలితో చూపించాడు. ఇక సాకు చెప్పడానికి అది కూడా లేదన్నట్టు కళ్లతోనే నవ్వాడు.

కూతురికి నవ్వొచ్చింది. ఆ నవ్వు నిలబడలేదు. ఆయన మోకాళ్ల మీద తల పెట్టేసింది. ఊరంతా వినేలా తనను పిలిచిన గొంతులోంచి, గుడ్డ చాటున ఊపిరి మాత్రం వచ్చి పోతోంది.

గుమ్మంలో అమ్మ కాసేపు అలవాటుగా చెవి పెట్టి నిలబడింది. తర్వాత లోపలికెళ్లి పాలు పొయ్యి మీద పెట్టింది. టీలో ఒక చెంచా చక్కెర ఎక్కువే వేసింది.