తీతువుల లెక్క

గంగాధర్ బావకు పిట్టల పిచ్చి. పెళ్ళిచూపుల్లో కమలక్కను వదిలేసి కిటికీలోంచి గోరింకను చూశాడట. ఏడో నెల కడుపుతో ఉన్నా అక్క ఆ ఎత్తిపొడుపు మానలేదు. అరవై ఎనిమిదిలో యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక మాస్టారు రాత్రి పిట్టలను లెక్కపెట్టేందుకు మనుషులు కావాలంటే, ఆఫీసు గుమాస్తాగా ఉన్న బావ అందరికంటే ముందు పేరిచ్చి, నన్నూ తోడు తీసుకుపోయాడు.

పొద్దుగూకగానే హబ్సిగూడ వైపు గడ్డినేలలో, పిలిస్తే వినబడేంత దూరంలో ఎదురెదురుగా నిలబడేవాళ్ళం. తీతువు కూస్తే ఇద్దరం కూత వచ్చిన వైపు టార్చి వేయాలి. రెండు వెలుగులు కలిసిన చోట పిట్ట ఉన్నట్టు. మాట్లాడకూడదు.

ఆ సాయంత్రం అమావాస్య. ఎండుగడ్డి వాసన. దూరంగా ఎక్కడో రైలు చప్పుడు. రెండు పిట్టలు లెక్కకు దొరికాయి.

మూడో కూత తీతువుదే అనుకున్నాను. కానీ ఊపిరి తీసుకోకుండా సాగింది... బావ ఉన్న చోటి నుంచే. అటు టార్చి వేశాను. బావ టార్చి సూటిగా నా మీద పడింది.

పొరపాటు పడ్డాడనుకున్నాను. మళ్ళీ కూసింది. ఈసారి నా వెలుగులో, బావ వెనక, చీరకట్టిన ఆకారం. గడ్డం అతని భుజం మీద ఆనించి ఉంది. నోరు తెరిచే ఉంది...

బావ కేకేశాడు.

"ఓబులేసూ... నీ ఎనకాల ఎవురప్పా?"

నేను అడగబోయిందీ అదే. తిరిగి చూసే ధైర్యం లేదు.

"నీ ఎనకాలే ఉండాది బావా. ఇట్ల రా."

"నువ్వే ఇట్ల రా. బిరీన రా."

ఇద్దరం కదల్లేదు. ఎటు పరిగెత్తినా దాని దగ్గరికే. చివరికి నా కోసం బావే పరిగెత్తాడు. వెలుగు ఎగిరెగిరి వచ్చింది. సగం దూరంలో ఆరిపోయింది.

గొంతు పోయేదాకా పిలిచాను. గడ్డినేలంతా వెతికాను. టార్చి దొరికింది. బావ దొరకలేదు.

తార్నాక దీపాల కింద ఏడుస్తూ నడిచాను. కడుపుతో ఉన్న అక్కకు ఏమని చెప్పాలి? సీతాఫల్‌మండిలో మా గది తలుపు తట్టాను.

అక్క తలుపు తీసి, నా భుజం మీదుగా చూసి నవ్వింది.

"ఇంతసేపా ఇద్దరూ? రాండి, అన్నం సల్లారిపాయ."

తిరిగి చూడకుండా లోపలికి జరిగాను. నా పక్క నుంచి ఎండుగడ్డి వాసన లోపలికి వెళ్ళింది. అక్క తలుపు మూయలేదు. ఇంకెవరికో దారి ఇస్తున్నట్టు పక్కకు తప్పుకుని, మొహమాటంగా నా చెవిలో అంది.

"ముందే చెప్పకూడదారా? మన ముగ్గురికే వండినా. ఆయమ్మకు చాలదే..."